మూతి తిప్పిన ముళ్ళు

మా ఆవిడ నాతో మాట మానేసి ఆ మంగళవారానికి మూడో రోజు. తప్పు నాదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడే ఒప్పుకోమని ఎవరైనా అని ఉంటే మిషన్లో ఉలి ఊడబీకి వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ముందు మా ఉద్యోగాల సంగతి చెప్పాలి. మేమిద్దరం పనిచేసేది సూదుల ఫ్యాక్టరీలో. బట్టలు కుట్టే సూదులు కావు, వీటికి దారం ఎక్కించే కన్నమే ఉండదు. ఫెల్టు మిల్లుల్లో దూదిలా వదులుగా పరిచిన పీచును పొడిచి పొడిచి గట్టి గుడ్డలా బిగించే సూదులు ఇవి. ఒక్కోటి వేలెడంత ఉంటుంది. పైన మడమ, కింద మొన, మధ్యలో మూడంచుల ఒళ్ళు. ఒక్కో అంచు మీద మూడు ముళ్ళు, వెరసి తొమ్మిది. ముల్లంటే బయటికి పొడుచుకొచ్చేది అనుకునేరు, కాదు. అంచులో కోసిన చిన్న గంటు. ఆ గంటు నోటిని మేం మూతి అంటాం. మూతి మొన వైపు తిరిగి ఉండాలి. అప్పుడే సూది దిగేటప్పుడు నాలుగు పోగుల్ని కరుచుకుని లోపలికి లాక్కెళుతుంది, వాటిని అక్కడే వదిలేసి ఖాళీ నోటితో పైకొస్తుంది. వేల సూదులు నిమిషానికి వందలసార్లు ఇలా చేస్తే ఏ పీచైనా చచ్చినట్టు బిగుసుకుంటుంది.

ఆ సూదుల్ని గీసేది మా ఆవిడ. ముళ్ళు కోసేది నేను. ఫ్యాక్టరీలో ఆవిణ్ణి గీతలమ్మ అంటారు, నన్ను ముళ్ళాయన అంటారు. మా ఇద్దరికీ వేరే పేర్లున్నాయని జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

రెండేళ్ళుగా ఆవిడ ఒక కొత్త ముల్లు కోసం తల బద్దలు కొట్టుకుంటోంది. పాత ముల్లుకు పెదవి కాస్త పైకి లేచి ఉంటుంది. అది పోగును పట్టుకుని ఊరుకోదు, కొరికేస్తుంది. తెగిన పీచు పొడిలా రాలుతుంది, ఫెల్టు బలం తగ్గుతుంది. ఆవిడ ఆ పెదవిని అణిచేసి, గంటు లోపలి గొంతును గుండ్రంగా, నున్నగా దిద్దింది. "పట్టుకోవాలి గానీ కొరక్కూడదు" అని వంట చేస్తూ కూడా తనలో తనే గొణుక్కునేది. అదేదో నన్నే అంటోందేమోనని మొదట్లో భయపడ్డాను.

చివరికి మేనేజరు ఒక్క పరీక్షకు ఒప్పుకున్నారు. ఆయన మనతో మాట్లాడుతూ గోడ గడియారం వైపు చూస్తుంటారు కాబట్టి మేం చాటుగా గడియారం గారు అంటాం.

"గురువారం మన సూదులు కొనే ఫెల్టు మిల్లు పెద్దాయన వస్తున్నారు. ఆయన ముందే నీ సూదులు ఆడిద్దాం. నెగ్గావా, నీ సూదే తయారు చేద్దాం. లేదా, కొత్త సూది అన్న మాట మళ్ళీ ఎత్తకు. పాత డ్రాయింగులకు నకళ్ళు తీసుకుంటూ కూర్చో" అన్నారు.

నకళ్ళు తియ్యడమంటే ఆవిడకు తల కొట్టేసినంత పని. ఆ విషయం నాకు తెలుసు. తెలిసీ సరిగ్గా ఆ వారంలోనే నోరు జారాను.

ఆదివారం మా బావమరిది భోజనానికి వచ్చాడు. అత్తయ్య మాతోనే ఉంటారు. అందరం కంచాల ముందు కూర్చున్నాక వాడు ఊరుకోక, "బావా, అసలు సూది చేసేది అక్కా, నువ్వా?" అని అడిగాడు.

"గీయడానికేముందిరా, తప్పయితే చెరిపేసి మళ్ళీ గీస్తారు. ఉక్కును చెరిపి మళ్ళీ కోస్తామా? అసలు పని కోతలోనే ఉంది. మీ అక్క ఊరికే వచ్చి నా పనిలో వేలు పెడుతుందంతే" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

వేలు పెట్టడమంటే ఆవిడ నిజంగానే వేలు పెడుతుంది. కొత్త రకం సూది మిషన్లో బిగించినప్పుడల్లా పై అంతస్తులో ఉన్న డ్రాయింగ్ రూము నుంచి మెట్లు దిగి వస్తుంది. సూది పక్కన చూపుడువేలు ఆనించి, "మూతి ఇటు" అని చెప్పి వెళ్ళిపోతుంది. ఆరేళ్ళుగా అదే మా పద్ధతి.

ఆవిడ కంచంలోంచి తల ఎత్తలేదు. "సరే. ఇకనుంచి మీ పనిలో వేలు పెట్టను" అంది. గొంతు కూడా పెంచలేదు. గొంతు పెంచితే గంటలో తేలిపోయేది, పెంచలేదంటే వారం పడుతుందని నాకు అనుభవం.

ఇక చూడండి మా ఇంట్లో భాగోతం. "అమ్మా, ఆయనకు కూర కావాలేమో అడుగు" అంటుంది. నేనేమో ఎదురుగానే కూర్చుని ఉంటాను.

"కూర కావాలా నాయనా?" అంటారు అత్తయ్య.

"కావాలని చెప్పండి అత్తయ్యా."

"కావాలటే."

మంగళవారం పొద్దునకి అత్తయ్యకు విసుగొచ్చింది. "మీ మధ్య నేనేమన్నా టెలిఫోన్ తీగనా? ఈ కూర గిన్నె ఇక్కడ పెడుతున్నా. కావాల్సినవాళ్ళు వడ్డించుకోండి, కోపమున్నవాళ్ళు పస్తుండండి" అని లేచి వెళ్ళిపోయారు. ఇద్దరం బుద్ధిగా వడ్డించుకున్నాం.

ఆ మధ్యాహ్నమే టీ పంచే ఆవిడ నా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. "గీతలమ్మ ఇమ్మంది. ఏంటయ్యా, ఇరవై మెట్లు దిగడానికి ఆవిడ కాళ్ళకేమైంది?" అని అడిగింది. టీ బాగుందని చెప్పి పంపించేశాను.

కాగితం మీద ఒక్క ముల్లును అరచేతంత పెద్దది చేసి గీసింది. అందులో మడమా లేదు, మొనా లేదు, ముల్లే. కొత్తగా మారింది అదొక్కటే కదా. చుట్టూ కొలతలు, చీమ తలకాయంత అంకెలు. అడుగున ఒక వాక్యం: "ముళ్ళన్నీ మూతి కిందికి."

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. డ్రాయింగ్ రూములో సూదిని మిల్లులో వేలాడినట్టే గీస్తారు, మొన కిందికి. నా మిషన్లో సూది మడమ మీద నిలబడుతుంది, మొన కప్పు వైపు. అంటే ఆవిడకు కింద అయింది నాకు పైన. ఈ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు, ఎందుకు తెలియదు? కానీ కోపంలో ఉన్నవాడికి తెలిసినవన్నీ వేళకు గుర్తొస్తాయా? ఆరేళ్ళుగా నేను కోసిన ప్రతి ముల్లూ కప్పు వైపే నోరు తెరుచుకుని ఉంది. ఇప్పుడీవిడ కిందికి అంటోంది. ఓహో, రెండేళ్ళు కష్టపడి కనిపెట్టిన కొత్తదనం ఇదన్నమాట అనుకున్నాను.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఒక్క మాట అడిగి వద్దామని మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. ఆవిడ నన్ను చూసింది. చూసి, మూతి తిప్పుకుని పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది. నాకు ఎక్కడలేని పౌరుషం పొడుచుకొచ్చింది. ఆవిడ మూతి తిప్పితే నేను తిప్పలేనా? కిందికి వచ్చి ఏకంగా ముళ్ళ మూతులే తిప్పి పడేశాను.

అదేమన్నా తేలికా! ఉలిని తలకిందులుగా బిగించడానికి ఒక పూట పట్టింది. బుధవారం సాయంత్రానికి ఆరు వందల సూదులు కోశాను. భూతద్దం కింద పెట్టి ఒక్కోటీ చూసుకున్నాను. పెదవి అణిగింది, గొంతు నున్నగా వచ్చింది. నా జన్మలో అంత అందమైన ముళ్ళు కోసి ఎరగను. ఒక్క దిక్కు తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి.

గురువారం పదింటికి పరీక్ష, మా ఫ్యాక్టరీలోనే ఉన్న చిన్న ఫెల్టు మిషన్ మీద. మిల్లు పెద్దాయన పొట్టిగా ఉంటారు, మాట తక్కువ. ఫెల్టును బొటనవేలితో నొక్కి చూసి మంచిచెడ్డలు తేలుస్తారని పేరు. మా ఆవిడ మంచి చీర కట్టుకుని వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది గానీ, వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. మిషన్ వెనక వైపు ఉన్నాను కాబట్టి నాకు కనపడుతున్నాయి.

తెల్లటి పీచు పరుపు సూదుల కిందికి వెళ్ళింది. టకటకా టకటకా. అవతలి వైపు నుంచి నునుపైన పలకలాంటి ఫెల్టు రావాలి. వచ్చింది చూస్తే, బెదిరిన పిల్లిలా ఒళ్ళంతా నిక్కబొడుచుకుని ఉంది. సూదులు ఖాళీ నోటితో దిగి, పైకొస్తూ దొరికిన పోగునల్లా పీక్కొస్తున్నాయి మరి. మూరెడు వచ్చేసరికి మిషన్ ఆపేశారు.

"ఇదేంటమ్మా, ఫెల్టు చెయ్యమంటే గొర్రెను చేశావు!" అన్నారు గడియారం గారు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మిల్లు పెద్దాయన నవ్వలేదు. బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు మొత్తం బొచ్చులోకి దిగిపోయింది.

మా ఆవిడ మిషన్లో సూదులు గుచ్చిన పలకలోంచి ఒక సూది లాగి భూతద్దం కింద పెట్టింది. చూసింది. మెల్లగా తలెత్తి నా వైపు చూసింది. ఆదివారం తర్వాత మూతి తిప్పుకోకుండా నన్ను చూడడం అదే మొదటిసారి. అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తుంది, 'ఈయన తిరగేసి కోశాడు' అంటుంది, అననీ, నాకు కావాల్సిందే అనుకున్నాను.

సూదిని బల్ల మీద పెట్టి, "ఎటు కొయ్యాలో నేను సరిగ్గా రాయలేదండీ. తప్పు నాదే" అంది.

"అనుకున్నదే కదమ్మా. రేపట్నుంచి నకళ్ళు" అన్నారు గడియారం గారు, గడియారం చూస్తూ.

నోరు మెదపకపోతే నా తప్పు ఎవరికీ తెలియదు, ముళ్ళాయన పేరు అలాగే ఉంటుంది. ఆవిడేమో అప్పటికే పైట చెంగుతో చేతులు తుడుచుకుని మెట్ల వైపు నడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గేముంది చెప్పుకోవడానికి, నిజంగానే వచ్చింది.

"ఆగండి సార్" అన్నాను. "ఆవిడ సరిగ్గానే రాసింది. కిందికి అంటే ఆవిడ లెక్కలో మొన, నా మిషన్లో మడమ. ఆరేళ్ళుగా నాకు తెలుసా సంగతి. మడమ వైపు తిప్పి కోసింది నేను. ఆ ముల్లు తప్పు కాదు సార్. నేను తప్పు."

"అనుమానమొస్తే మెట్లెక్కి అడిగితే పోయేది కదయ్యా!"

"ఎక్కాను సార్. దిగొచ్చేశాను."

"ఏం?"

"మా ఆవిడ మూతి తిప్పుకుంది సార్."

ఈసారి మిల్లు పెద్దాయన కూడా నవ్వారు. నవ్వి, మొదటిసారి నోరు విప్పారు. "నాలుగింటికి నా బండి. ఆలోగా కొయ్యగలవా?"

"చిన్న పలకకు వంద చాలండి. మూడింటికల్లా ఇస్తాను. కానీ ఒక్క షరతు."

"చేసిన నిర్వాకానికి షరతొకటా!" అని గడియారం గారు అరిచారు.

"ఈవిడ వచ్చి నా పనిలో వేలు పెట్టాలి సార్" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "ఈవిడ వేలు పెట్టకపోతే నాకు పని రాదు."

ఆవిడ మెట్ల దగ్గరే ఆగిపోయింది. తర్వాత వెనక్కి తిరగకుండానే పైకెక్కేసింది.

నేను వెళ్ళి ఉలిని మళ్ళీ మామూలుగా బిగించాను. పాత గుర్తులున్నాయి కాబట్టి అరగంటలో అయిపోయింది. సూది నిలబెట్టాను. ఎటు కొయ్యాలో నాకు తెలియక కాదు, అయినా మీట మీదికి చెయ్యి పోలేదు. అలాగే నిలబడ్డాను. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. తర్వాత పెన్సిల్ పొడి అంటిన చూపుడువేలు ఒకటి నా భుజం పక్క నుంచి వచ్చి సూదికి ఆనింది.

"ఇటు" అంది.

"ఎటూ?"

"ఇటు. చెవుడా?"

"వినపడింది. ఇంకోసారి విందామని."

"ముందు కొయ్యండి, బండికి టైమవుతోంది" అంది గానీ, వంద సూదులూ అయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదు.

మూడింటికి చిన్న పలక ఆడించాం. ఫెల్టు నున్నగా, బిగువుగా వచ్చింది. మిల్లు పెద్దాయన బొటనవేలు నొక్కారు, దిగలేదు. నల్లగుడ్డ పరిచి దాని మీద ఫెల్టును దులిపారు, పొడి రాలలేదు. మళ్ళీ దులిపారు. "ఈ సూదే పంపండి" అని చేతిసంచి తీసుకున్నారు. గడియారం గారు మొదటిసారి గోడ వైపు కాకుండా మా ఆవిడ వైపు చూసి, "శభాష్ అమ్మా" అన్నారు. మర్నాడు నోటీసు అంటించారు, ఇకమీదట పైకి, కిందికి అనే మాటలు రాయరాదు, మొన వైపు, మడమ వైపు అని మాత్రమే రాయవలెను అని.

ఆ బొచ్చు ముక్కను ఇంటికి తెచ్చాం. అత్తయ్య దాన్ని కాళ్ళ కింద వేసుకుని, "ఇంత మెత్తగా ఉందేంటే! దీన్ని ఏ సూదితో చేశారు?" అంటారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. మళ్ళీ ఆదివారం వచ్చిన బావమరిది, "బావా, ఇంతకీ సూది చేసేది ఎవరు?" అన్నాడు. "మీ అక్కేరా" అన్నాను. వాడు కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందా అని నా నుదురు పట్టుకు చూశాడు.

ఇప్పుడు కాగితాల మీద "మూతి మొన వైపు" అని అచ్చు గుద్దినట్టు రాసి వస్తుంది, తప్పు చదవడానికి వీల్లేదు. అయినా కొత్త సూది బిగించినప్పుడల్లా ఆవిడ ఇరవై మెట్లూ దిగి వస్తుంది, వేలు ఆనిస్తుంది. నాకు తెలిసిన సంగతే. అయినా ప్రతిసారీ అడుగుతాను, "ఎటు?" అని.