ఎడం పక్క బొట్టు

అయినా హారతి పళ్ళెం వాడి చేతికే ఎందుకివ్వాలి, పోయిన దసరాకి నాకిచ్చారు, అంతకు ముందూ నాకే ఇచ్చారు, ఈసారి మా ఆఫీసు పెద్దాయన భీమశంకరరావుగారు నన్ను దాటుకుని వెళ్ళి మరీ, రావోయ్ మణికంఠా, ఇంజనీరువి నువ్వుండగా ఇంకెవరు, అన్నారు, నేనొకణ్ణి అక్కడ నిలబడి ఉన్నానన్న ఊసే లేదు, కర్పూరం వాసన ఇంకా ముక్కులోనే ఉంది, ఆకాశం ఇప్పుడిప్పుడే తెల్లబడుతోంది, మా పంకాల విమానం రాత్రంతా ఇక్కడే ఎయిర్‌పోర్టులో ఆగి పోర్టు బొగ్గుధూళి పట్టి మాసి ఉంది, నేను టార్చి వేసి ముక్కు చక్రం దగ్గర వంగాను, టైరుకి కోతలు లేవు, నూనె కారడం లేదు, వాడికి లైసెన్సు వచ్చింది నాకు రాలేదు, అంతేగా తేడా, ఇద్దరం ఒకే గదిలో ఒకే చాప మీద పడుకుని చదివాం, ఇప్పుడు ఎగరొచ్చని సంతకం పెట్టేది వాడు, వంగి చూసేది నేను.

కామేశ్వరి కూడా, నా పెళ్ళామయ్యుండి, నిన్న అన్నం వడ్డిస్తూ, మణికంఠన్నయ్య సీతమ్మదారలో ఫ్లాటు తీసుకున్నాడంట, నీకు సెప్పనేదేటి, అంది, ఎందుకు చెప్పలేదు, మొట్టమొదట నాకే చెప్పాడు, తాళం తెచ్చి నా చేతిలో పెట్టి, తలుపు నువ్వే తియ్యాల బావ, అన్నాడు, ఒళ్ళు మండింది, వాడు గొప్పలు పోతే ఎంచక్కా తిట్టుకునేవాణ్ణి, ఆ అవకాశం కూడా ఇవ్వడు, నేనేమో రోజూ పద్మనాభం నుంచి బండి మీద మంచులో వణుక్కుంటూ రావాలి, పంకా రెక్కలు తడిమాను, నొక్కులు లేవు, అంచులు నున్నగానే ఉన్నాయి, ఇందాక వాడే పని పంచాడు, ఎడం పక్క నువ్వు సూడు బావ, కుడి పక్క నాను సూత్తాను, నువ్వు సూసావంటే నాను సూసినట్టే, అన్నాడు, అదీ నాకు ఆజ్ఞలాగే వినిపించింది.

పూజ దగ్గర మరీనూ, ట్రాక్టరుకీ నిచ్చెనలకీ పనిముట్ల పెట్టెలకీ గంధం కుంకం బొట్లు పెట్టాక హెల్పరు సూరన్న విమానం వైపు గంధం గిన్నె పట్టుకెళ్ళబోతే, బండికొద్దు సూరన్నా, ఇమానం ఒంటికి ఏటీ అంటకూడదు, అని మణికంఠ ఆపేశాడు, అందరూ బుద్ధిమంతుల్లా తలలూపారు, నా చేతిలో పళ్ళెం ఉన్న రోజుల్లో ముక్కు చక్రానికి నేనే బొట్టు పెట్టేవాణ్ణి, ఎవరికేమైంది, లైసెన్సు వస్తే కొమ్ములు కూడా వస్తాయి కాబోలు, వాడు ఒద్దంటే నేనెందుకు మానాలి అనుకున్నాను, ఆ తరవాత కొబ్బరిముక్కలు పంచారు, వాడు ఏదో అన్నాడు, అందరూ నవ్వారు, ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటోంది.

ఇదేమిటి, ముక్కుకి ఎడం పక్క మెరిసే లోహపు బిళ్ళ, దాని చుట్టూ రంగుతో గీసిన గీత, మధ్యలో గాలిరంధ్రాలు, విమానం ఎంత ఎత్తులో ఉందో పైలట్లకి తెలిసేది వీటివల్లే, ఒక రంధ్రం మూసుకుపోయి ఉంది, కందిరీగ మట్టిగూడు, ఇంకేముంటుంది, రాత్రి వీటికి తొడుగులు వేసి పూజకి ముందు తీసింది మణికంఠే, సరిగ్గా వేసి ఉండడు, దొరికాడు, గుండె ఎగిరి గంతేసింది, సిగ్గు లేకుండా ఎగిరింది, వాకీటాకీలో భీమశంకరరావుగార్ని పిలుస్తాను, అందరి ముందూ చూపిస్తాను, మీ ఇంజనీరుగారి పని చూడండి అంటాను, కామేశ్వరికి కూడా చెబుతాను, టార్చి దగ్గరగా పెట్టాను, ఎర్రగా ఉంది.

మట్టి ఇంత ఎర్రగా ఉండదు, పక్కన గంధం ఎండి అట్టకట్టింది, వేలిముద్ర గీతలు కూడా కనిపిస్తున్నాయి, టార్చి పట్టుకున్న నా బొటనవేలు చూసుకున్నాను, గోరు సందులో కుంకం, కొబ్బరిముక్కలు పంచుతున్నప్పుడు వేలికి గంధం కుంకం అద్దుకుని నేను ఇటు చాటుకి వచ్చాను, వాడి మాట చెల్లనివ్వకూడదని, చెయ్యి చాచి వేలు నొక్కేశాను, ఎక్కడ నొక్కానో చూడలేదు, తలుపు పక్కన అనుకున్నాను, పైప్రాణాలు పైనే పోయాయి, చొక్కా చేతితో రుద్దాను, పైది పోయింది గానీ లోపలికి ఇంకా దిగింది, ఎవరికి తెలుస్తుంది, కుడి పక్క ఇంకో బిళ్ళ ఉందిగా, విమానం ఎగురుతుంది, ఎగరకపోతే, సింహాచలం కొండ మీద మబ్బులున్నాయి, మబ్బుల్లో ఎత్తు చూపించే ముల్లు అబద్ధం చెబితే,

ఏటి బావ, అయిందా, సంతకం ఎట్టీనా, అని ముక్కు అవతల్నుంచి మణికంఠ కేక, అయింది అంటే చాలు, ఒక్క మాట, సంతకం వాడిది, ఏం జరిగినా వాడి మెడకే చుట్టుకుంటుంది, లైసెన్సు పోతుంది, పళ్ళెం నా చేతికొస్తుంది, ఈ మాట అనుకున్నది నేనే, ఇంకెవరూ కాదు, వెనక తలుపు వైపు జనం నడిచొస్తున్నారు, పండగ చీర కట్టుకున్న ఒకావిడ చంకలో పిల్ల, ఆ పిల్ల పంకాని చూపించి ఏదో అడుగుతోంది, ఆవిడ నవ్వుతోంది, నేను అటు తిరిగి అరిచాను, ఎట్టకు బావ, సంతకం ఎట్టకు, జనాన్ని ఆపు, రంధ్రంలో కుంకం పడింది, నానే పెట్టాను.

వాడు పరిగెత్తుకొచ్చాడు, టార్చి లాక్కుని చూశాడు, వాకీటాకీలో ఎవరినీ ఎక్కించొద్దని చెప్పాడు, విమానం ఇప్పట్లో కదలదన్నాడు, భీమశంకరరావుగారు దూరం నుంచి గబగబా వస్తున్నారు, ఇంక నా పని అయిపోయినట్టే, వాడు నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది, మొహం పాలిపోయి ఉంది, నువ్వు సూసావంటే నాను సూసినట్టే, అని ఇందాక అన్నది ఆజ్ఞ కాదు, నమ్మకం, ఇంత చదివిన వాడు నా కళ్ళని నమ్మి సంతకం పెట్టబోయాడు, ఆ కళ్ళు చక్రాన్ని చూశాయా, పంకాని చూశాయా, తెల్లారకముందు నుంచీ అవి చూసింది ఒక్కణ్ణే, వేలెట్టినపుడు ఎటు సూత్తన్నావు బావ, ఇంత బిళ్ళ కనపళ్ళేదేటి నీకు, అని అడిగాడు మణికంఠ, నిన్నే సూత్తన్నాను బావ, అన్నాను.