ముప్పై రెండేసి చొప్పున

మా ఆయన లెక్క తప్పాడంటే నేను నమ్మను. ఆ మాట ఆఫీసువాళ్ల ముఖానే అనేసి వచ్చాను. ఆయన పోయి రెండు నెలలైంది. తలలో గడ్డ, మరీ ఆలస్యంగా బయటపడింది. పోవడానికి పది రోజుల ముందు ఆయన ఇచ్చిన నంబర్ల వల్లే ఆఫీసులో కంప్యూటర్లన్నీ పూటంతా ఆగిపోయాయట. ఫైల్లో "నిర్లక్ష్యం" అని రాసిపెట్టారు. ఇరవై రెండేళ్లు ఒళ్లు వంచి పనిచేసిన మనిషికి దక్కిన మాట అది.

వాళ్లతో పోట్లాడాలంటే ముందు ఆ లెక్కేదో నాకు రావాలి. మా మరిదిదీ అదే ఉద్యోగం, ఆఫీసు కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కు పని. కుట్టుమిషను పక్కకు జరిపి, మా ఆయన నోటుపుస్తకం ముందు పెట్టి అతన్ని కూర్చోబెట్టాను. ఆయన ప్రతి లెక్కా పెన్నుతోనే చేసి, తేదీ వేసి మరీ దాచుకునేవాడు.

"సబ్‌నెట్ అంటే బ్రహ్మవిద్యేం కాదు వదినా," అన్నాడు మరిది. "కంప్యూటర్లకి ఇవ్వడానికి రెండువందల యాభై ఆరు నంబర్లున్నాయనుకో. ముప్పై రెండేసి చొప్పున ముక్కలు చెయ్యి. సున్నా, ముప్పై రెండు, అరవై నాలుగు, అలా. ముక్కలో మొదటి నంబరు దాని పేరు. చివరిది అందర్నీ ఒకేసారి పిలవడానికి. ఆ రెండూ ఏ మెషీనుకీ ఇవ్వకూడదు."

"రెండు పక్కలా కుట్టుకి గుడ్డ వదిలినట్టన్నమాట."

"అంతే. నువ్వు మా ఆఫీసులో చేరిపోవచ్చు."

"ముందు మీ అన్న పరువు దక్కనీ, తర్వాత చేరతాను."

నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఐదో రోజుకి పట్టు దొరికింది. నేరుగా ఆ గొడవ జరిగిన రోజు పేజీ తీశాను. తొంభై ఆరు తర్వాతి ముక్క నూట ఇరవై ఎనిమిదితో మొదలవాలి. నూట ఇరవై ఆరు అని ఉంది. మూడుసార్లు చేసి చూశాను. తప్పు ఆయనదే.

వెనక్కి తిప్పుతూ ఒక్కో లెక్కా మళ్లీ చేశాను. ముందు వారంలో రెండు తప్పులు. ముందు నెలలో మూడు. ఆ గొడవకి ఐదు నెలల ముందు ఒక పేజీలో అరవై నాలుగు రెండుసార్లు రాసి కొట్టేశాడు. అంతకు ముందు ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. ఆ కొట్టివేత పక్కనే తొంభై ఆరు ఉంది. ఆ చేతిరాత నాది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నేను మిషను మీదున్నాను. పుస్తకం పట్టుకొచ్చి, "అరవై నాలుగూ ముప్పై రెండూ ఎంతో కాస్త చెప్పవూ, అంకెలు కుదురుగా నిలబడట్లేదు," అన్నాడు. "ఇంత చదివి నన్నడుగుతారా, వేళాకోళమా," అంటూ పెన్ను లాక్కుని గీకి పడేశాను.

మరిది ముందు ఆ పేజీ పెట్టాను. "ఇది చూపిస్తే చాలు వదినా. అప్పటికే జబ్బుపడ్డాడని ఒప్పుకుంటారు."

చూపించాను. ఆఫీసరు తేదీ చూశాడు, వేలు పెట్టి అడిగాడు. "ఈ అంకె వేరే రాతలా ఉందే?"

"నాదే."

"మరి అప్పుడే డాక్టరుకి చూపించలేదా అమ్మా?"

ఎంతటివాళ్లకైనా ఠక్కున జవాబు చెప్పేదాన్ని, పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. ఫైలు సరిచేస్తామన్నారు. అడిగింది దక్కించుకుని ఇంటికొచ్చాను. ఐదు నెలలు మనిషి నా కళ్లముందే తప్పిపోతుంటే, నేను విసుక్కుంటూ బట్టలు కుట్టుకున్నాను.