రెండు నిమిషాల డాబా

ఆ తెర మీద వేడిగా ఉన్నదల్లా తెల్లగా కనబడుతుంది.

చల్లనిదంతా బూడిదరంగు.

పొయ్యి తెలుపు. ఇప్పుడే ఆపిన లారీ ముందుభాగం తెలుపు. మనిషి... మనిషి ఎప్పుడూ తెలుపే.

గదికి కిటికీ లేదు. ఆమె కుడిచేతి కింద కెమెరా పిడి. ఆ కెమెరా ఎక్కడో మబ్బులకు పైన, మనిషి లేని విమానం కడుపుకింద వేలాడుతూ తిరుగుతుంటుంది. ఎక్కిందంటే ముప్ఫై గంటలు దిగదు. దానికి ఆకలి లేదు, నిద్ర రాదు, ఇల్లు గుర్తుకు రాదు. అదృష్టమంటే దానిదే!

ఆమెకు అన్నీ ఉన్నాయి.

సరిహద్దు అవతల ఒక గోడౌను. దాని పక్కన ఒక ఇల్లు. నలభై రోజులుగా, షిఫ్టుకు ఎనిమిది గంటల చొప్పున, అదే చూడటం. ఆ ఇంటి ముసలాయన రోజుకు ఎన్నిసార్లు పెరట్లోకి వస్తాడో ఆమెకు తెలుసు. వాళ్ళ మేక ఈనిందనీ తెలుసు. తన కూతురికి ముందుపళ్ళు ఊడిన సంగతి మాత్రం అక్క చెబితేనే తెలిసింది.

ఏం బతుకమ్మా ఇది!

కూతురికి ఏడేళ్ళు. పెద్దమ్మ దగ్గర ఉంటోంది. ఈ మూడు నెలలూ ఆమెకు గేటు దాటే వీల్లేదు. ఫోను లాకర్లో ఉంటుంది, ఆదివారం పావుగంట చేతికిస్తారు. పుట్టినరోజుకు వస్తానంది — వెళ్ళలేదు. స్కూల్లో నాటకానికి వస్తానంది — వెళ్ళలేదు. మొన్న ఆదివారం ఏమడిగినా పిల్ల "ఊఁ" తప్ప ఇంకో మాట అనలేదు.

ఆ ఊఁకే ఆమె ప్రాణం ఉసూరుమంది.

విమానం తిరిగొచ్చే దారి అక్క ఉండే ఊరి మీదుగానే. వచ్చేటప్పుడు కెమెరాను తెలిసిన దేనిమీదైనా నిలిపి పరీక్షించాలి. ఒక్కొక్కరిది ఒక్కొక్క గుర్తు. పక్కసీటు పైలట్‌ది వాళ్ళ కాలేజీ వాటర్ ట్యాంకు. ఆమెది అక్క వాళ్ళ డాబా. రెండే రెండు నిమిషాలు. పై అధికారికి తెలుసు. తెలియనట్టు ఉంటాడు, పుణ్యాత్ముడు.

బయట చెప్పకూడని మాట. అయినా ఆ ఊఁ భరించలేక ఫోన్లో అనేసింది.

"బుధవారం నాలుగింటికి డాబా ఎక్కవే. పైకి చూసి చెయ్యి ఊపు. నేను చూస్తాను."

"నువ్వు ఆకాశంలో ఉంటావా అమ్మా?"

"నేను కిందే ఉంటాను. నా కన్ను పైనుంటుంది."

"ఈసారైనా నిజంగానా?"

"ఒట్టు."

బుధవారం. తెర మూలన గడియారం నాలుగు చూపిస్తోంది.

డాబా వచ్చింది —

తెల్లని చిన్న ఆకారం కోసం వెతికింది. ఈ మూల... ఆ మూల... నీళ్ళ ట్యాంకు వెనకాల...

ఎవరూ లేరు.

బూడిదరంగు డాబా మధ్యలో ఒక కుర్చీ. ఖాళీ కుర్చీ. కూర్చునేచోట మాత్రం చిన్నగా, గుండ్రంగా, తెలుపు.

ఎవరో చాలాసేపు కూర్చుని, ఇప్పుడే లేచి వెళ్ళారు.

ఆమె మళ్ళీ గడియారం చూసింది. అప్పుడు తట్టింది.

ఆ గడియారం ఏ ఊరిదీ కాదు. ఈ విమానాలకు ఎక్కడ తిరిగినా వాటి సొంత టైమే, ఊళ్ళో గడియారం కంటే మూడు గంటలు వెనక. నెలల తరబడి ఆ లెక్కలోనే తిని, ఆ లెక్కలోనే పడుకుని, పిల్లకీ ఆ నాలుగే చెప్పేసింది. ఊళ్ళో ఇప్పుడు ఏడు. చీకటి పడిపోయింది.

నాలుగు నుంచి ఏడు దాకా. ఈ చలిలో. మెడ పైకెత్తి.

"అయ్యో, నా తల్లీ..."

పైలట్ వైపు తిరిగింది. "తమ్ముడూ, ఒక్క చుట్టు తిప్పవా?"

అతను ఆమె మొహం చూడలేకపోయాడు. "దారి మార్చడం మన చేతుల్లో లేదక్కా."

ఎవరింటి మీదో నలభై రోజులు తిరిగారు. తన పిల్ల మీద ఇంకో నిమిషం ఆగడానికి లేదు.

తెలుపు పలచబడుతోంది... అంచుల నుంచి లోపలికి...

డాబా మెల్లగా తెర అంచుకు జారింది. ఆమె కెమెరాను వెనక్కి తిప్పింది — ఇంకా, ఇంకా — తిరిగినంత మేరా తిప్పింది.

తర్వాత తెర వైపు చెయ్యెత్తి ఊపింది. పైలట్ చూడనట్టు మీటల్లో తల దూర్చాడు.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.