పదకొండు రోజుల ప్రార్థన

పాస్టరమ్మ పాస్టరు కూతురేమీ కాదు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. పదో తరగతికి వచ్చిన ఏడాది ఆ పిల్ల సైన్సు టీచరు వెంటపడి, బతిమాలి ల్యాబు తాళంచెవి సంపాదించింది. బడి గంటకు అరగంట ముందు అక్కడ ప్రార్థన మొదలుపెట్టింది. దాంతో తోటివాళ్ళు ఆ పేరు తగిలించారు. ఏడిపించడానికే పెట్టారు గానీ, ఆమె మాత్రం దాన్ని కిరీటంలా మోసింది.

వచ్చేది మొత్తం ఆరుగురు. యాసిడ్ మరకలు పడిన పొడవాటి బల్ల చుట్టూ ఎత్తు స్టూళ్ళ మీద కూర్చునేవారు. ఒకరి తర్వాత ఒకరు తమ ఇబ్బంది చెప్పుకోవాలి, మిగతావాళ్ళు దాని కోసం ప్రార్థించాలి. ఇక్కడ చెప్పింది ఈ గుమ్మం దాటకూడదన్నది పాస్టరమ్మ పెట్టిన నియమం. చాలా రోజులు ఆ గుమ్మం దాటాల్సినంత విషయమేదీ రాలేదు. లెక్కల పరీక్షలు, నానమ్మ మోకాళ్ళ నొప్పులు, అంతే.

ఆ సోమవారం నిచ్చెన నోరు విప్పింది. తరగతి మొత్తంలో పొడుగుపిల్ల, అందుకే ఆ పేరు. నెలల తరబడి తనకోసమంటూ ఏమీ అడగని పిల్ల. వాళ్ళ నాన్న బడి బస్సు డ్రైవరు.

"మా నాన్న పొద్దున్నే తాగుతున్నాడు. తాగే బస్సు తీస్తున్నాడు. మానేయాలని ప్రార్థన చేయండి," అంది బల్లవైపు చూస్తూ.

ఎనిమిదో తరగతి చిట్టి నిచ్చెన చెయ్యి పట్టుకుంది. పాస్టరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంది. ఆ రోజు మాటలు తన్నుకొచ్చాయి. మిగతావాళ్ళు ఏడ్చారు. ముగించి కళ్ళు తెరిచేసరికి ఒళ్ళు తేలికపడ్డట్టుంది. ఇంత బాగా ఎప్పుడూ చేయలేదని మనసులో మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తర్వాత ఆమెను చాలాకాలం పీక్కుతింది.

ఆ సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, వేడినీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకు కూర్చుంది. చెబుదామని పాస్టరమ్మ పక్కకు చేరింది. నియమం గుర్తొచ్చింది. తను పెట్టిన నియమం తనే తప్పితే రేపటి నుంచి ఎవరు నమ్ముతారు? ఏమిటే అని అమ్మ అడిగితే ఏమీ లేదంది.

మరుసటి వారం బుధవారం నిచ్చెన కాస్త నవ్వుముఖంతో వచ్చింది. రెండు రోజులుగా నాన్న దగ్గర వాసన రావడం లేదట. దేవుడు వింటున్నాడని పాస్టరమ్మ అందరికీ చెప్పింది. నిచ్చెన తన తండ్రి నడిపే బస్సు ఎక్కకుండా రోజూ నడిచే బడికి వస్తుందన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టనేలేదు.

శుక్రవారం వాళ్ళు కళ్ళు మూసుకుని ఉండగా గేటు దగ్గర పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత చిన్నపిల్లల కేకలు. పాస్టరమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పిల్లలందరినీ దింపేశాక నిచ్చెన నాన్న బస్సును వెనక్కి తిప్పాడు. వెనక నిలబడి దారి చూపుతున్న బడి ఆయమ్మ, బస్సుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. బస్సును ముందుకు తీశాక ఆమె గోడకు ఆనుకున్నట్టే కిందికి జారింది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చేలోపు హెడ్మాస్టరు డ్రైవరును తన గదిలోకి తీసుకెళ్ళాడు. ముఖం కడిగించి, రెండుసార్లు కాఫీ తాగించాడు. వరండాలో నిలబడి పాస్టరమ్మ అంతా చూసింది. బ్రేకు పట్టలేదని, ఆయమ్మ చూసుకోకుండా అడ్డంగా నిలబడిందని సాయంత్రానికల్లా బడి అంతా ఒకే మాట. తప్పంతా చచ్చిపోయిన మనిషి నెత్తిన పడింది.

తెల్లవారగానే పాస్టరమ్మ నిచ్చెన ఇంటికి వెళ్ళింది. నిచ్చెన గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"పోలీసులకు చెప్పేస్తాను. ముందు నీకు చెబుదామని వచ్చా."

"మా అమ్మ లేదు. ఉన్నది ఆయనొక్కడే, తెలుసు కదా," అంది నిచ్చెన. "నేను దేవుడికి చెప్పుకున్నాను. నీకు కాదు," అని తలుపు వేసేసింది.

పాస్టరమ్మ చాలాసేపు ఆ తలుపు ముందే నిలబడింది. తర్వాత ఇంటికి వెళ్ళి అమ్మకు మొత్తం చెప్పింది. అమ్మ తిట్టలేదు. "ఆ సోమవారమే చెప్పుంటే ఎంత బాగుండేదే," అని మాత్రం అంది. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఇద్దరూ కలిసి స్టేషనుకు వెళ్ళారు.

ఇన్‌స్పెక్టరు మిగతా పిల్లల్నీ పిలిపించాడు. ముగ్గురు నీళ్ళు నమిలారు. ఏదో దగ్గు తగ్గాలని ప్రార్థించినట్టు గుర్తని వాళ్ళలో ఒకడు అన్నాడు. చిట్టి ఒక్కతే, వాళ్ళ నాన్న వేలు పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. నిచ్చెనను అడిగితే తల వంచుకుంది తప్ప పెదవి విప్పలేదు.

చివరికి నిజం ఒప్పుకున్నది డ్రైవరే. పిల్లలు ఏం చెప్పారో ఇన్‌స్పెక్టరు వినిపిస్తుంటే అతను మధ్యలో ఆపాడట. "నా కూతురు నాకోసం ప్రార్థన చేయించిందా? వాళ్ళందరి ముందూ?" అని అడిగాడట. అవునన్నాక ముఖం కప్పుకుని కూర్చుని, ఆ పొద్దున ఎంత తాగాడో, హెడ్మాస్టరు ఏం చెప్పమన్నాడో పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

అతన్ని జైల్లో పెట్టారు. హెడ్మాస్టరును వేరే బడికి మార్చారు. నిచ్చెనను వాళ్ళ మేనత్త వచ్చి తీసుకెళ్ళింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. ల్యాబు తాళంచెవి సైన్సు టీచరు వెనక్కి తీసుకుంది. పిల్లలు పాస్టరమ్మ అని పిలవడం మానేశారు. అసలు పిలవడమే మానేశారు. డ్రైవరును పట్టించింది అని కొందరు, తెలిసీ దాచింది అని కొందరు. ఆ రెండూ నిజమేనని ఆమెకు తెలుసు.

మూడు వారాలకు పాస్టరమ్మ ధైర్యం కూడదీసుకుని ఆయమ్మ అక్కను వెతుక్కుంటూ వెళ్ళింది. ఆమె లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. దుప్పట్ల గుట్టల మధ్య, ఆవిరిలో నిలబడి పాస్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది. ఆమె వింటూనే ఒక దుప్పటి ఇస్త్రీ చేసి, మడిచి, పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ళ ముందు తెలుసు నీకు?"

"పదకొండు రోజులు."

"పదకొండు రోజులు," అందామె. "రోజూ అయిదింటికి లేచేది. గేటు తీయడం ఆలస్యమైతే పిల్లలు ఎండలో నిలబడతారని గాబరా. ఒక్క పొద్దు వెళ్ళొద్దని చెప్పడానికి నాకు నీ ఒక్క మాట చాలేది."

పాస్టరమ్మ క్షమించమని అడగాలని వచ్చింది, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే ఈ మనిషి ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

ఇంకో దుప్పటి అందుకుంటూ ఆమె అడిగింది. "ఆ పొద్దున దాన్ని చూశావా?"

"చూశాను. నేను వచ్చేసరికి గేటు దగ్గర బస్సు కోసం ఎదురుచూస్తోంది."

"ఎలా ఉంది?"

"ఆకుపచ్చ చీర కట్టుకుంది. నా జడకు రిబ్బను ఊడిపోతే ఆపి ముడేసింది. ఇంత పెద్దదానివయ్యావు, జడ వేసుకోవడం రాదా అని నవ్వింది."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. "మళ్ళీ చెప్పు," అంది. "మొదటి నుంచి చెప్పు."

పాస్టరమ్మ కింద, నేల మీద కూర్చుని, గేటు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.