కళ్ళజోడు తీస్తే చప్పట్లు

"కాలరు ముందు, చేతులు తర్వాత, వీపు ఆఖర్న. వీపెవరూ చూడరు" అంది అత్తయ్య, ఇస్త్రీపెట్టె కొత్త కోడలి చేతికిస్తూ.

ఎన్నికలంటే ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు తెల్లచొక్కాలు. పొద్దున ఒకటి, చెమట పట్టాక ఒకటి, సాయంత్రం మీటింగుకి మరొకటి. మామయ్య రెండోసారి మేయరు కావాలంటే ఊరి సంగతి ఎలా ఉన్నా చొక్కా మీద ముడత ఉండకూడదు. ఆమెకి ఆ పని కూడా ముచ్చటగానే ఉండేది. తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె సుయ్యిమంటే నవ్వొచ్చేది. పెళ్ళయి ఇంకా నిండా రెండు నెలలు కాలేదు. అద్దం ముందు గ్లాసులో అతని బ్రష్షూ తన బ్రష్షూ తలలు ఆనించుకుని ఉండటం చూసినా, సందు మలుపులో అతని బండి చప్పుడు పోల్చుకోగలిగినా ఆరోజుకి పండగే. డిగ్రీలో ఉండగా వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలుచుకున్న పిల్ల. ఈ ఇంటికొచ్చాక కూడా కప్పులే, కాకపోతే టీ కప్పులు. కార్యకర్తలు తాగినవి కడిగి బోర్లించేలోపు ఇంకో గుంపు దిగేది. "మా కోడలు బాగా చదువుకుంది, మాట్లాడితే ముత్యాలే" అని మామయ్య వచ్చినవాళ్ళకి గర్వంగా పరిచయం చేసి, ఆ ముత్యాలు రాలకముందే "అమ్మా, ఇంకో నాలుగు టీలు" అనేవాడు. అందులో తప్పేముందో ఆమెకి అప్పట్లో తోచలేదు. పరిచయం చేశాడు కదా, అదే సంతోషం.

ఆ ఇంట్లో ఆమెకి అంతుపట్టనిది ఒక్కటే, అత్తయ్య మౌనం. మామయ్యతో ఆవిడ మాట్లాడేదంతా ఉప్పు సరిపోయిందా, గుండీ ఊడిందా, ఆ చొక్కా ఉతుక్కి వేశారా అన్నంతవరకే. "మీ అమ్మానాన్నల కాపురమంతా ఉప్పూ గుండీలేనా?" అని భర్తని ఏడిపించేది. ఒంటరిగా ఉన్నప్పుడు అతన్ని నువ్వు అనేది, నలుగురిలో మీరు. ఆ మార్పు కూడా వాళ్ళిద్దరికే తెలిసిన ఆటలా ఉండేది. "మా అమ్మ మొదట్నుంచీ అంతే, ముభావం. నువ్వు మాత్రం అలా అవకు. అన్నీ నాకు చెప్పాలి" అనేవాడు అతను. అన్నీ చెప్పేది. చెప్పడానికి ఒక మనిషి దొరకడమే పెళ్ళిలో అసలు సుఖమనుకునేది.

ప్రచారంలో ఆ ఇంటికొక పద్ధతి ఉంది. మగవాళ్ళు ముందు గుమ్మాలకి వెళతారు, ఇంటి ఆడవాళ్ళు వెనక గుమ్మాలకి. "ముందు గుమ్మంలో అందరూ ఓటు మీకేనంటారు. అసలు మాట వెనక గుమ్మంలో ఉంటుంది" అని మామయ్య సిద్ధాంతం. పోయినసారి ఆ పని అత్తయ్యది. ఈసారి ఆవిడ మోకాళ్ళు పట్టుకుని "నా వల్ల కాదు, కోడలుంది కదా" అనేసింది. కొత్త కోడళ్ళకి ఇంటి తాళాలు ఇస్తారని వినడమేగానీ ఆమె చేతికి మాత్రం కరపత్రాలు వచ్చాయి. గరిట పట్టుకున్న వాళ్ళూ, బిడ్డని చంకనేసుకున్న వాళ్ళూ తలుపు తీసి, "అయ్యో, మేయరుగారి కొత్త కోడలా! లోపలికి రామ్మా" అని పీట వేసేవాళ్ళు. భోజనాల దగ్గర ఆ కబుర్లన్నీ ఆమె గొంతు మార్చి, చేతులు తిప్పి చెబుతుంటే మామయ్యకి పొలమారేది. "కుళాయిలో నీళ్ళు రావండీ, గాలొస్తుంది, ఎండాకాలానికి అదే నయం" అని ఒకావిడ అన్నది అన్నట్టు దింపితే భర్త బల్ల చరిచి నవ్వాడు. అత్తయ్య మాత్రం వడ్డిస్తూనే ఉంది.

ఇంకో పని కూడా ఆమెదే. మీటింగుల్లో ముందు వరసలో కూర్చుని, మామయ్య మాటల మధ్య కళ్ళజోడు తీయగానే చప్పట్లు మొదలుపెట్టాలి. "జనం పక్కవాడి చేతులు చూసి కొడతారమ్మా. నువ్వు మొదలెట్టు, హాలు అందుకుంటుంది." నిజంగానే అందుకునేది. తన రెండు చేతులు కదిపితే హాలంతా కదలడం మొదటిసారి చూసినప్పుడు ఆమెకి ఒళ్ళు పులకరించింది.

ప్రత్యర్థి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే మామయ్యకి ముద్ద దిగదు. "ఆవిడ" అంటే చాలు, అందరికీ తెలుసు. ఆవిడ పోస్టర్లు అంటించిన గంటకే మన కుర్రాళ్ళు చింపేసేవాళ్ళు. కాబట్టి ఆవిడెవరో, ఎలా ఉంటుందో కొత్త కోడలికి తెలిసే దారి లేదు. అందుకే ఒకరోజు, కమ్మటి వాసనొస్తున్న ఒక పెరటి తలుపు కొట్టి, తీసినావిడ పిండి అంటిన చేతుల్లో మామయ్య బొమ్మున్న కరపత్రం పెట్టి, "పిన్నిగారూ, మన ఓటు మంచి మనిషికే" అని నవ్వింది.

ఆవిడ కాగితం చూసింది. ఈమెని చూసింది. తలుపుకి ఆనుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఓసి పిచ్చితల్లీ, ఎవరింటికొచ్చావో తెలుసా? మీ మామ మీద నిలబడ్డది నేనే."

ఆమెకి భూమిలోకి కుంగిపోదామనిపించింది. "క్షమించండి" అంటూ వెనక్కి తిరగబోతే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "వచ్చినదానివి వచ్చావు, ఈ పిండి సంగతి చూద్దువుగాని రా. పిన్నీ గిన్నీ అనకు, ఊరంతా నన్ను రొట్టెలక్క అంటారు." ఆ వంటిల్లు బేకరీకి వెనక భాగం. అవతలి గదిలో కొట్టు, దాని ముందు పెద్ద వీధి. ఇద్దరూ పిండి పిసుకుతూ కూర్చున్నారు. ఈమె కబుర్లకి రొట్టెలక్క నవ్వింది, రొట్టెలక్క హాస్యాలకి ఈమె నవ్వింది. మధ్యలో ఆవిడ, "ఇటు కుడివైపుకి రా పిల్లా, ఎడమ చెవి పనిచెయ్యదు. గోలలోనైతే బొత్తిగా తెలీదు" అంది.

"చిన్నప్పట్నుంచీనా అక్కా?"

ఆవిడ పిండి ఇంకోసారి మడిచింది. "పెళ్ళయిన ఏడాది. మా ఆయన చెయ్యి. సైకిల్ మీంచి పడ్డానని చెప్పుకున్నాను, మా అమ్మకి కూడా. ఆయన పోయాక కూడా అదే చెబుతూ వచ్చాను, అలవాటైపోయి." పిండి ముద్ద బోర్లించి, "నీకెందుకు చెప్పానో. తలుపు కొట్టావు కదా, నోరూరుకోలేదు" అని నవ్వింది. వెళ్ళేటప్పుడు వేడి బన్ను ఒకటి చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం భర్త అలసిపోయి మంచం మీద వాలితే, పక్కన కూర్చుని బన్ను చెరి సగం చేసి, జరిగిందంతా చెప్పింది. శత్రువు పెరట్లోకి ప్రచారానికి వెళ్ళిన సంగతికి అతను పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఇంకాస్త సేపుండాలనిపించింది. చెవి సంగతి చెప్పింది. చెబుతూ తలని ఒక పక్కకి వంచి, రొట్టెలక్క చెవి పెట్టే తీరు కూడా చేసి చూపించింది. తర్వాత ఏడ్చింది. అతను దగ్గరకి తీసుకుని జుట్టు నిమిరాడు. "నీ మనసు వెన్న" అన్నాడు. ఎంత మంచి మొగుడు దొరికాడో అనుకుంటూ ఆమె అలాగే నిద్రపోయింది.

అభ్యర్థుల ముఖాముఖి మున్సిపల్ హాల్లో పెట్టారు. కుర్చీలు వేయించింది భర్తే. "ఆడవాళ్ళని గౌరవించాలి, మధ్య కుర్చీ ఆవిడకి" అన్నాడు. ఆవిడకి కుడివైపు చివర ప్రశ్నలడిగే ప్రిన్సిపాలు, ఎడమవైపు మామయ్య. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉన్నాయి, నెత్తిన ఫ్యాన్లు గరగరలాడుతున్నాయి. ప్రిన్సిపాలు అడిగినవాటికి రొట్టెలక్క తడుముకోకుండా జవాబు చెప్పింది. కుళాయిల మాట వచ్చేసరికి హాలు వెనకనుంచి ఈలలు కూడా వేశారు. అప్పుడు మామయ్య ఆవిడ వైపు ఒరిగి మెల్లగా ఏదో అడిగాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ అడిగాడు. ఆవిడ జనాన్నే చూస్తోంది. మామయ్య లేచి, ఆవిడకి వీపు పెట్టి, మైకు నోటి దగ్గరకి తెచ్చుకున్నాడు.

"చూశారా? పక్కనుంచి పిలిచినా పలకదు. పాపం, కట్టుకున్నవాడు నోటితో చెప్పి చూశాడు. వినలేదు. చేత్తో చెప్పి చూశాడు. చెవి పోయిందిగానీ వినడం రాలేదు. ఇంక మీరూ నేనూ చెబితే వింటుందా?"

అని, కళ్ళజోడు తీశాడు.

ఆమె చేతులు చప్పట్లు కొట్టాయి. మాటలు చెవిలోంచి మనసుకి దిగేలోపే కొట్టాయి, ఇస్త్రీపెట్టె సెగకి చెయ్యి వెనక్కొచ్చినట్టు. పక్కవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ వెనకవాళ్ళు అందుకున్నారు, హాలంతా నవ్వుతో ఊగిపోయింది. ఆమె తల ఎత్తేసరికి రొట్టెలక్క ఆమెనే చూస్తోంది. చూసి, నవ్వుతోంది. ఏమన్నాడో ఆవిడకి వినపడలేదు. అందరూ నవ్వుతున్నారు, అందులో తనింట్లో పిండి పిసికిన పిల్ల చప్పట్లు కొడుతోంది, ఏదో మంచి హాస్యమే అయుంటుందనుకుని, మర్యాదకి తనూ నవ్వుతోంది. ప్రిన్సిపాలు వంగి ఆవిడ కుడిచెవిలో ఏదో చెప్పాడు. ఆ నవ్వు ఒక్కసారిగా పోలేదు. పెదవుల మీద కాసేపు అలాగే నిలబడిపోయింది, ఇంటికెలా వెళ్ళాలో దారి తెలియనట్టు.

ఇంటికొచ్చాక వాకిలంతా జనం. "ఒక్క మాటతో చిత్తు!" అంటున్నారెవరో. భర్త ఆమెని పక్క గదిలోకి లాగి, "నువ్వే గెలిపించావు తెలుసా!" అన్నాడు.

"అది నేను నీకు చెప్పిన మాట."

"నువ్వు చెప్పిందేగా! నాన్నతో కూడా అదే అన్నాను, ఇది మా ఆవిడ తెచ్చిందని. నీ పేరు దాచి నా గొప్ప చెప్పుకున్నాననుకున్నావా?" అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఓట్ల కోసం చెప్పలేదు నేను. నీతో చెప్పాను."

"నాతో చెబితే ఇంట్లో చెప్పినట్టు కాదా? మనం వేరు, ఇల్లు వేరూనా? పిచ్చిదానా, ఎన్నికలయ్యాక ఆవిడే మర్చిపోతుంది. మొహం కడుక్కో, లోపల టీ అడుగుతున్నారు."

టీ పెట్టింది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది. అతని మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించింది, కొంత వచ్చింది కూడా. కానీ ఆ కోపం కింద ఇంకోటి ఉంది, అది కాలుతోంది. ఆ మధ్యాహ్నం తను దుఃఖం పట్టలేక చెప్పిందా? కాదు. అతను నవ్వుతున్నాడు, ఆ కళ్ళు ఇంకాసేపు తన మీదే ఉండాలని చెప్పింది. చూడు, ఆవిడ నాకొక్కదానికే చెప్పిందని గొప్పకి చెప్పింది. తల ఒక పక్కకి వంచి చేసి మరీ చూపించింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఒక మనిషి తల్లికి కూడా చెప్పని దెబ్బని తను భోజనాల బల్ల దగ్గరి కుళాయి కబురులా దింపింది. మామయ్య చేసిందల్లా దాన్ని మైకులో చెప్పడం.

మర్నాడు పొద్దున చొక్కా పరిచి కాలరు దగ్గరే ఆగిపోయింది. మేడ మీద బట్టలు ఆరేసి, అత్తయ్య మెట్లు చకచకా దిగి వచ్చింది. ఆమె ఆ మోకాళ్ళ వైపు చూసింది. అది అత్తయ్య చూసింది.

"నా మోకాళ్ళకేం రోగం లేదు" అంది ఆవిడ పక్కన కూర్చుంటూ. "కొత్తలో నేనూ అన్నీ చెప్పేదాన్ని అమ్మాయ్. మా చెల్లెలి సంగతొకటి చెప్పాను, మీ మామయ్యకే. మీటింగులో చెప్పుకోవడానికి బాగా పనికొచ్చింది, అప్పుడు కౌన్సిలరుగా గెలిచారు. మా చెల్లెలు మళ్ళీ ఈ గడప తొక్కలేదు." చొక్కా చెయ్యిని అరచేత్తో సాపు చేసింది. "అప్పట్నుంచి ఉప్పూ గుండీలే. నువ్వూ అలవాటు చేసుకో. కష్టమేం కాదు."

"మరి నన్నెందుకు పంపారు అత్తయ్యా, తెలిసి?"

ఆవిడ చొక్కా కింది గుండీ వేలితో లాగి చూసింది. "నేను తప్పించుకోడానికి" అంది చివరికి.

లోపల్నుంచి మామయ్య కేక. "అమ్మా, చొక్కా!" ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది. కాలరు ఒక్కటే నలగకుండా ఉంది. అది అలాగే వదిలేసి చెప్పులు వేసుకుంది.

పెరటి తలుపు కొడితే ఎంతకీ తీయలేదు. చివరికి లోపల్నుంచి గొంతు వచ్చింది. "వెనక తలుపు ఇంకెవరికీ తియ్యను. కొట్టు తెరిచే ఉంది. ముందునుంచి రా."

ముందునుంచంటే సందంతా చుట్టి పెద్ద వీధిలోకి రావాలి. గోడగోడకీ మామయ్య నవ్వుతున్నాడు. మందుల షాపతను నమస్కారం పెట్టాడు. "కోడలుగారూ, నిన్న అదిరిపోయింది!" అన్నాడు ఎవరో బండి మీద వెళుతూ. కొట్లో రొట్టె వేళ, జనం గుమ్మం దాటి నిలబడ్డారు. మేయరుగారి కోడలని దారిచ్చారు. ఆమె వెళ్ళలేదు, వరసలోనే నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి కొట్లో మాటలు ఆగిపోయాయి.

"ఏం కావాలి?" అంది రొట్టెలక్క, ఎవరినైనా అడిగినట్టే.

ఆమె కుడివైపుకి జరిగింది. కాలేజీ పోటీల్లో ఏ మైకు ముందూ తడబడని ఆ గొంతు పీలగా వచ్చింది. "ఆ సంగతి మా ఇంట్లో చెప్పింది నేనే అక్కా. నిన్న చప్పట్లు మొదలెట్టిందీ నేనే."

రొట్టెలక్క రొట్టె కాగితంలో చుట్టడం ఆపింది. మెల్లగా తల తిప్పి, ఎడమ చెవి ఆమె వైపు పెట్టింది.

"ఈ చెవికి వినపడేలా చెప్పు."

అప్పుడే ప్రచారం బండి వీధి మలుపు తిరిగింది. దాని స్పీకర్లలో మామయ్య గొంతు, డ్రైవరు పక్కన భర్త. బండి కొట్టు ముందుకి వచ్చేదాకా ఆమె ఆగింది. తర్వాత, ఆ స్పీకర్లకంటే గట్టిగా, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.