ఒడిబియ్యం పెట్టె

మా ఆడపడుచు నిర్మలకు పోయిన నెల, పెళ్ళయిన ఐదో ఏట పుట్టింటివాళ్ళు పోసే ఒడిబియ్యం పోశాం. మూడో ఏడు పోసినప్పుడు మా అత్తమ్మ ఉంది, తన చేతులతోనే పోసింది. ఆమె పోయి రెండేళ్ళు. ఈసారి పోయాల్సింది అన్నావదినలం, అంటే మా ఆయన మధు, నేను.

అత్తమ్మ దినాలప్పుడు వాకిట్లో కూర్చొని నిర్మల ఒక మాట అంది. "ఇగ నాకు ఈ ఇంట్ల ఎవరున్నరు? పుట్టిల్లు అమ్మతోటే పాయె." నేను వంటింట్లో ఉన్నాను. నాకు వినపడాలని అందో, దుఃఖంలో నోరు జారిందో తెలియదు గానీ ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఆ తర్వాత రెండేళ్ళు నిర్మల తొండుపల్లిలో మా గడప తొక్కలేదు. ఫోను చేసినా అన్నతోనే మాటలు.

అందుకే ఈ ఒడిబియ్యానికి ఏ లోటూ రానివ్వకూడదని పంతం పట్టాను. ఐదున్నర కిలోల పసుపు బియ్యం అహ్మదాబాదులో వాళ్ళింటికి చేరాలి. అక్కడ నిర్మల వండి పదిమందికి పెట్టాలి. ఒడిలో పోసిన బియ్యం పుట్టింటికి తిరిగొస్తే ఆ ఇంటితో రుణం తీరిపోయినట్టేనని మా అత్తమ్మ చెప్పేది. అది తలుచుకుంటేనే నాకు భయం.

నిర్మల రైల్లో వచ్చింది, చేతిలో జిప్పు తెగిన రెక్సిను సంచి. తిరుగు ప్రయాణం విమానంలోనే అన్నాడు మా ఆయన. మా ఇంటి మీంచి రోజూ అన్ని విమానాలు పోతుంటే మా ఇంటి పిల్ల రైలు పట్టుకొని వేలాడడమేంటి? బాగానే ఉంది. మరి విమానమెక్కే మనిషి చేతిలో ఆ దిక్కుమాలిన సంచా? మంచి పెట్టె కొందామని ఆలుమగలం శంషాబాదులో చలపతిగారి దుకాణానికి పోయాం.

చలపతిగారిది ఏలూరు వైపు. చాలా ఏళ్ళుగా ఇక్కడే పెట్టెలు, సంచులు అమ్ముతున్నాడు. మాట మెత్తన, మనిషి మొండి. నేనూ తక్కువదాన్ని కాదు.

"ప్రయాణం ఎక్కడికమ్మా? టిక్కెట్టు మీద ఎన్ని కిలోలని రాశారు?" అని అడిగాడు.

"కిలోలేంది సేటు? మా ఆయన ఎయిర్‌పోర్టుల క్యాబు నడుపుతడు. దినాం పెట్టెలెత్తుడే ఆయన పని. మాకు తెల్వదా?"

మా ఆయన మీసం దువ్వుకున్నాడు. "ఒక్కో పెట్టె ఇరవై కిలోల పైనే ఉంటది సేటు. మనిషికి రెండేసి తీస్కపోతరు."

"అవి సముద్రాలు దాటేవాళ్ళవండీ. మన దేశంలో తిరిగే విమానాల లెక్క వేరు," అంటూ చలపతిగారు నీలం రంగు గుడ్డ పెట్టె ఒకటి నా ముందు పెట్టాడు. "ముందు ఖాళీ పెట్టె ఎత్తి చూడండమ్మా. దాని బరువే సగం అయితే ఇక సామాను ఏం పడుతుంది? గట్టితనం చక్రాల్లో చూడాలి, పిడిలో చూడాలి, జిప్పులో చూడాలి. గోడల్లో కాదండీ."

నొక్కితే లోపలికి పోయింది. గుడ్డ పెట్టెలో పుట్టింటి బియ్యం పంపుతారా ఎవరైనా? పై అరలో ఎర్రగా మెరిసిపోతున్న గట్టి పెట్టెను దింపించాను. కుండ బేరం చేసినట్టు వేలు మడిచి కొట్టి చూశాను. మా ఆయనను దాని మీద కూర్చోమన్నాను. కూర్చున్నాడు, అది కిర్రుమని కూడా అనలేదు.

"గిదే గావాలె."

"ఖాళీదే ఆరు కిలోలు దాటుతుందమ్మా."

"బరువున్నదే మన్నుతది. నువ్వు జర బిల్లు రాయి సేటూ."

చలపతిగారు నుదురు కొట్టుకొని బిల్లు రాశాడు.

మర్నాడు పొద్దున బియ్యాన్ని తెల్లగుడ్డలో మూటగట్టి పెట్టె నడిమధ్యన పెట్టాను. చుట్టూ చీరలు, సకినాలు, మామిడికాయ తొక్కు. ఒడిలో పెట్టిన ఎండుకొబ్బరి కుడుకలు విమానంలో పోనివ్వరని మా ఆయన ఎక్కడో విన్నాడట, వాటిని వాడకట్టు ముత్తైదువలకు పంచేశాం. పెట్టెను కారులోకి ఎత్తేటప్పుడు ఆయన మూలిగాడు. గట్టి పెట్టె మరి, అనుకొని మురిసిపోయాను.

టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి రానివ్వరు. నిర్మల లోపలికి పోయింది, మేం బయట అద్దాల దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఫోను మోగింది.

"వదినా, ఇరవై రెండు కిలోలున్నదట. పదిహేనే పోనిస్తరట. ఏడు కిలోలు తియ్యాలె అంటున్నరు."

"పైసలు కట్టు పిల్లా!"

"ఆగు, నేను చూస్త," అని పెట్టేసింది.

ఏడు కిలోలు తియ్యాలంటే చీరలు తీస్తే సరిపోతుందా, సకినాలు తీస్తే సరిపోతుందా? బరువంతా ఆ ఒక్క మూటలోనే ఉంది. అహ్మదాబాదులో బియ్యం దొరకవా? ఎవరైనా ముందు అదే తీసి అవతల పెడతారు. అమ్మ పోసినవైతే మనసొప్పదు గానీ, పోసింది వదిన కదా.

"ఏమయ్యా, దినాం పెట్టెలెత్తే మొగోడా! పదిహేను కిలోలని నీకు తెల్వదా?" అని మా ఆయన మీద పడ్డాను.

"సేటు మొత్తుకుంటే నువ్వు ఇన్నవా?" అని ఆయనా ఎగిరాడు.

నిజమే, వినలేదు. మంచి పెట్టె అంటే ఏమిటో చలపతిగారు విడమరిచి చెబుతుంటే నేను రంగు చూశాను. నా గొప్పకు పోయి నిర్మల బియ్యాన్ని నేనే ఆపుకున్నాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

అంతలో నిర్మల ఆ ఎర్ర పెట్టెను లాక్కుంటూ గేటు దగ్గరికి వచ్చింది. కాపలా పోలీసాయనను బతిమాలి అక్కడే నిలబడింది.

"వద్దు నిర్మలా! బియ్యం తిరిగియ్యకు, నీకు దండం పెడ్త!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు.

"ఏం బియ్యం వదినా? ముందుగాల్ల పెట్టె ఎత్తి చూడు."

ఎత్తాను. ఖాళీది. తలెత్తి చూస్తే తెల్లమూట ఆమె నడుము దగ్గర ఉంది, పోసిన నాడు కట్టుకున్నట్టే కొంగులో కట్టుకుంది.

"ఇనుప పెట్టెకు పైసలెందుకు కట్టాలె? నా పాత సంచిని మడిచి ఈ పెట్టె అడుగునే పెట్టుకున్న, నువ్వు తిడ్తవని చెప్పలే. బట్టలన్నీ దాంట్ల కుక్కి తాడు కట్టి లోపలిచ్చిన. బియ్యం చేతిల పట్టుకపోతే ఏమనరట."

"మరి ఇంత మంచి పెట్టె..." అన్నాను.

"నీ దగ్గర్నే ఉండనీ. మళ్ళ ఏడో ఏటికి వస్త గద, అప్పుడు రైల్ల తీస్కపోత."

"రాకుంటే అమ్ముకుంట!"

"అమ్మి చూడు, ఊరంత ఇనపడేటట్టు కొట్లాడ్త. నా పుట్టింట్ల నా పెట్టె అది," అని కొంగు బిగించుకొని లోపలికి పోయింది.

పోలీసాయన చూస్తున్నాడు, మా ఆయన పదపద అంటున్నాడు. నేను ఆ పెట్టె మీదే కూర్చొని కరువుతీరా ఏడ్చాను.