ఇంటి డేటా

"క్లాసు అయిపోయిండాది గదా, ఇంగేం పని నీకు?" అంది మా అత్త కెంపమ్మ.

అప్పుడు నేను ఉప్మాలో రవ్వ పోస్తున్నాను. రెండో పొయ్యి మీద ఆమె మోకాలి కాపడానికి నీళ్ళు కాగుతున్నాయి. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా మా యలహంక అపార్ట్‌మెంట్ మేడ మీద ఇరవై మందికి యోగా నేర్పి దిగాను. ఎనిమిదిన్నరకల్లా బస్సెక్కితేనే పదకొండుకి ఊరి అవతలి కొసనున్న బొమ్మనహళ్ళి చేరతాను. మధ్యలో ఉన్న ఈ గంటన్నరని మా ఇంట్లో ఖాళీ అంటారు.

నా ఉద్యోగం ఏమిటో మా వాళ్ళకి తెలియదు. నేను చెప్పకపోవడం వల్ల కాదు. పదకొండేళ్ళుగా యోగా, ఫిట్‌నెస్ నేర్పుతున్నాను. ఆరేళ్ళుగా ఒక ల్యాబ్‌లో, మనిషి ఎలా వంగుతాడు, ఎలా లేస్తాడు, ఏ కదలిక ఏ కీలు మీద ఎంత భారం వేస్తుంది అని కొలుస్తున్నాను. పీహెచ్‌డీ కూడా అందులోనే. పొద్దున నేర్పేదీ పగలు కొలిచేదీ నాకు ఒకటే పని. నా భర్త తేజస్ దృష్టిలో రెండూ పని కాదు. పోయిన నెల వాళ్ళ మేనేజర్ భోజనానికి వస్తే, "అర్పిత యోగా చెప్తుంది సర్. టైంపాస్ అవుతుంది, హెల్త్‌కీ మంచిది" అని పరిచయం చేశాడు. అప్పుడే నా థీసిస్ మూడో అధ్యాయం కాగితాలు ఆ డైనింగ్ టేబుల్ మీంచి తీసి, బీరువాలో చీరల మధ్య పెట్టి వచ్చి, ఆయన కంచంలో పప్పు వడ్డిస్తున్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అత్త మోకాలి సంగతి ఇంకో కథ. నేను రెండేళ్ళు బతిమాలినా చేయని వ్యాయామాన్ని మడివాళలో ఒక కుర్ర ఫిజియో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. ఆ కాగితం పూజగది గోడకెక్కింది. "డాక్టరు చెప్పినాడమ్మా, కాలు ఇట్ల చాపి పది లెక్కబెట్టల్లంట" అని నాకే చూపించింది. మా ల్యాబ్‌కి ట్రైనింగ్‌కి వచ్చినప్పుడు ఆ అబ్బాయికి ఆ కదలిక నేర్పింది నేనే. చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పినా "అట్లనా" అని బొమ్మ వైపే చూస్తుంది.

బొమ్మనహళ్ళిలో నాకు పని ఒక గార్మెంట్ యూనిట్‌లో. మిషన్ల మీద కుట్టే ఆడవాళ్ళకి నడుము నొప్పి ఎందుకు వస్తోందో కనిపెట్టాలి. ఇరవై రెండు మంది నడుములకి సెన్సర్ ఉన్న బెల్టులు కట్టాను. ఎన్నిసార్లు వంగారో, ఎంతసేపు వంగి ఉన్నారో అదే నమోదు చేసుకుంటుంది. షిఫ్ట్ అయిపోగానే విప్పి ఇచ్చేయాలి. ఒకరోజు బాలమ్మ మరిచిపోయి బెల్టుతోనే ఇంటికెళ్ళింది. నారాయణపేట వైపు నుంచి వచ్చి, పదేళ్ళుగా కాలర్లు కుడుతున్న మనిషి. మర్నాడు ఆమె గ్రాఫ్ చూస్తే, పగలంతా ఒక మాదిరిగా ఉన్న గీత సాయంత్రం ఆరున్నర నుంచి నిటారుగా లేచింది.

"ఏం చేశావు బాలమ్మా నిన్న సాయంత్రం?"

"ఏం చెయ్యలే మేడమ్. బాసాన్లు తోమిన, నీళ్ళు మోసిన, రొట్టెలు చేసిన, పొద్దటికి బట్టలు నానబెట్టి ఉతికిన. అంతే." మళ్ళీ తనే అంది. "మిషిన్ కాడనన్న కూసుంటం. ఇంటికి పోతే కూసునుడే లేదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. బెల్టు చెడిపోయిందేమో చూద్దామని నేనే కట్టుకుని ఇంటికెళ్ళాను. నా గీత కూడా సాయంత్రమే లేచింది. బెల్టు మార్చి చూశాను. మళ్ళీ లేచింది.

తర్వాత ల్యాబ్ కమిటీ దగ్గర విడిగా అనుమతి రాబట్టుకుని, ఇరవై రెండు మందినీ అడిగి సంతకాలు తీసుకుని, రెండు వారాలు ఇళ్ళ దగ్గర కూడా బెల్టులు కట్టించాను. అందరివీ అంతే. నా గైడ్ దేవరాజ్ సర్‌కి చూపించాను. ఆయనది కోలారు, నాతో తెలుగులోనే మాట్లాడతారు.

"ఇంటి డేటా మనకెందుకమ్మా? మనది ఫ్యాక్టరీ స్టడీ. అది తీసేయ్. నువ్వేమన్నా చేసుకుంటే చేసుకో" అన్నారు.

శుక్రవారం యూనిట్‌లో ఫలితాలు చెప్పాలి. ఆ సమావేశం గురించి కూడా ఆయనే చెప్పారు. "ప్రెజెంటేషన్ కిరణ్ ఇస్తాడు. నువ్వు చివర్లో పది నిమిషాలు స్ట్రెచింగ్ చేయించు. ఆ పని నీలాగ ఎవరూ చేయలేరు."

కిరణ్ ల్యాబ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. బెల్టు కొక్కెం ఎటువైపు రావాలో కూడా తెలియదు. స్ట్రెచింగ్ మాట దేవరాజ్ సర్ మెచ్చుకోలుగానే అన్నారు. నేను ఒప్పుకున్నాననుకున్నారు.

శుక్రవారం మూడింటికే షిఫ్ట్ వదిలి, యాభై మంది ఆడవాళ్ళని క్యాంటీన్ హాల్లో నేల మీద కూర్చోబెట్టారు. ముందు వరసలో మూడు కుర్చీలు. హెచ్ఆర్ మేనేజర్ శామ్యూల్, దేవరాజ్ సర్, కిరణ్. కిరణ్ నా గ్రాఫులు ఒక్కొక్కటే చూపించి, చివరి స్లైడ్ చదివాడు. "పరిష్కారం. ప్రతి ఉద్యోగినీ రోజూ సాయంత్రం ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు యోగా చేయాలి."

ఆ వాక్యం నేను రాయలేదు. వెనక వరసలో బాలమ్మ పక్కనున్నామెతో, "ఎప్పుడు జేస్తం? రొట్టెలు కాలేటప్పుడా?" అనడం నాకు వినిపించింది.

"ఇప్పుడు అర్పిత మేడమ్ మీకు చేసి చూపిస్తారు" అన్నాడు శామ్యూల్.

లేచాను. యోగా నా అన్నం. పదకొండేళ్ళుగా జనాన్ని ఆ చాప మీదికి రమ్మని పిలుస్తున్నదాన్ని. అయినా అన్నాను.

"నేను మీకు ఇంట్లో ఇంకో పని పెట్టను. మీ ఇళ్ళలో ఎంత వంగుతున్నారో నాకు తెలుసు, నేను కొలిచాను. ఆ ఇరవై నిమిషాలు ఇస్తే షిఫ్ట్‌లో ఇవ్వాలి, జీతంతోనే ఇవ్వాలి. ఇవాళ చేయాల్సింది ఒక్కటే. పడుకోండి."

ఎవరూ కదల్లేదు. కొంగులు సర్దుకుంటూ కుర్చీల వైపు చూశారు. నాకు అప్పుడు అర్థమైంది.

"సర్, మీరు ముగ్గురూ పది నిమిషాలు బయట ఉండాలి" అన్నాను.

"ఇది ప్రోగ్రామ్‌లో లేదు కదా" అన్నాడు శామ్యూల్.

"వీళ్ళు మీ ముందు పడుకోలేరు సర్."

దేవరాజ్ సర్ నా వైపు చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ముగ్గురూ వరండాలోకి నడిచారు. తలుపు వేశాను. యాభై మంది ఆ సిమెంటు నేల మీద ఒక్కొక్కరుగా వెల్లకిలా పడుకున్నారు. కళ్ళు మూసుకోమని చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండో నిమిషానికే ఎవరో గురక పెట్టారు, ఎవరో నవ్వారు, తర్వాత హాలంతా నిశ్శబ్దమైంది. బాలమ్మ కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. నేను పది నిమిషాలు అన్నాను గానీ పదిహేను ఇచ్చాను.

బయటికి రాగానే దేవరాజ్ సర్ పక్కకి పిలిచారు. "శామ్యూల్ వాళ్ళకి సారీ చెప్పు. లేకపోతే ఈ రీసెర్చ్ పేపర్‌లో నీ పేరు ఉంచడం కష్టం."

"నా పేరు ఎన్నోది సర్?"

"మూడోది. నాదీ కిరణ్‌దీ అయ్యాక."

"తీసేయండి. ఇంటి డేటా నన్నే చేసుకోమన్నారు కదా. నేనే రాస్తాను."

వేరే గైడ్‌ని వెతుక్కోవాలేమో. ఏడాది వెనక్కి పోతుందేమో. బస్సులో కూర్చుని ఇవన్నీ ఆలోచించాను. భయం వేసింది. కానీ సారీ మాత్రం నోటికి రాలేదు.

ఇల్లు చేరేసరికి ఏడైంది. అత్త సీరియల్ చూస్తోంది. తేజస్ డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. బీరువా తెరిచి, చీరల మధ్య నుంచి నా కాగితాలు తీసుకొచ్చి అతని ఎదురుగా పరిచాను. ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

"ఏంటిది?" అన్నాడు.

"ఇక నుంచి రోజూ ఏడు నుంచి తొమ్మిది వరకు నేను ఇక్కడ రాసుకుంటాను."

"ఓకే, గుడ్. బట్ మరి వంటెవరు చేస్తారు?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. అత్త కూడా టీవీ శబ్దం తగ్గించి నా జవాబు కోసం చూసింది.

నేను కొత్త ఫైలు తెరిచి, 'పరిశోధన ప్రశ్న' అని ఉన్న చోట అతను అడిగిందే అక్షరం మార్చకుండా టైప్ చేశాను.